‘స్’ రాలిపోయిన ఇంటిపేరు

‘జోర్బా ద గ్రీక్’ (1964) మొదటిసారి చూసినప్పుడు ఐరీన్ పాపాస్ కళ్లు తప్ప నాకింకేం గుర్తులేవు. సినిమాలో ఆ పాత్రకి పేరు లేదు, ఉత్త ‘వితంతువు’. ఈమధ్య మళ్లీ చూసి ఆవిడ గురించి వెతుకుతుంటే తెలిసింది, గ్రీకువాళ్లు ఆవిడని పాపాస్ అనరని. అక్కడ ఆవిడ ఇరీని పప్పా. మరి చివరి ‘స్’ ఏమైంది?

గ్రీకులో మగవాళ్ల ఇంటిపేర్లు చాలావరకు ‘స్’తో ముగుస్తాయి. అది ప్రథమా విభక్తి గుర్తు, మన డుమువులు లాగ. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి అదే పేరు షష్ఠిలోకి జారుతుంది. మెర్కూరిస్‌గారమ్మాయి మెలీనా మెర్కూరి. పాపదోపులోస్ ఇంటావిడ పాపదోపూలు. అంటే ‘పాపదోపులోస్ యొక్క’. యొక్క ఏమిటి? కూతురా, పెళ్లామా? పేరు అది చెప్పదు. (పాపయోర్గియు లాంటి కొన్ని పేర్లు మగవాళ్లకీ షష్ఠిలోనే ఉంటాయి, అవి ఇద్దరికీ ఒకటే.)

ఈ పాపదోపులోస్‌ని విప్పి చూస్తే సరదాగా ఉంటుంది. పాపాస్ అంటే చర్చి పూజారి. ‘పులోస్’ లాటిన్ ‘పుల్లుస్’ నుంచి వచ్చింది, కోడిపిల్ల అని. కోడిపిల్లనీ ఇంట్లో పిల్లనీ మనమూ ఒకే మాటతో పిలుస్తాం కాబట్టి నాకది వింతగా అనిపించలేదు. వింతల్లా ఆడమనిషి పేరే: ‘పూజారి కొడుకు యొక్క’!

ఇంకో తమాషా. మగపేరులో ఊనిక ‘దో’ మీద, ఆడపేరులో ‘పూ’ మీద. ఇప్పటి వాడుక గ్రీకులో మగవాళ్ల పేరుని షష్ఠిలో పెట్టినా ఊనిక మామూలుగా కదలదు. ఆడవాళ్ల పేరులో కదిలేది పాత గ్రాంథికం లెక్క. 1976లో అక్కడ వాడుకభాష అధికారభాష అయింది. గిడుగువారు సంతోషించేవారే గానీ, గ్రాంథికం ఆడవాళ్ల ఇంటిపేర్లలో అలాగే ఉండిపోయింది.

పల్లెల్లో ఇంకో పద్ధతి ఉండేది: మొగుడి పేరుకి ‘ఇనా’ తగిలించడం. 1821 స్వాతంత్ర్య యుద్ధంలో సొంత ఓడ ‘అగమెమ్నాన్’తో దిగిన లస్కరీనా బుబులినా పేరు అలా వచ్చిందే. బుబులిస్ పెళ్లాం అని. ఆ బుబులిస్ 1811లోనే సముద్రపు దొంగలతో పోరులో పోయాడు. పదేళ్ల తర్వాత యుద్ధం చేసింది ఆవిడ, చరిత్రకెక్కింది ఆయన పేరు. మా నాయనమ్మని ఊళ్లో ‘కరణంగారి కోడలు’ అనే విన్నాన్నేను, అసలు పేరు రేషన్ కార్డులో చూశాకే తెలిసింది. అందుకే బుబులినా దగ్గర కాసేపు ఆగిపోయాను.

1983లో గ్రీసు కుటుంబ చట్టం మార్చి, పెళ్లయినా ఆడవాళ్లు పుట్టింటి పేరే ఉంచుకోవాలంది. మంచిదే. అయితే పుట్టింటి పేరూ షష్ఠిలోనే ఉంటుంది. మొగుడి ‘యొక్క’ పోయి నాన్న ‘యొక్క’ మిగిలింది. 2020లో దేశానికి తొలి మహిళా అధ్యక్షురాలైన కాతెరీనా సకెలరోపూలు పేరులో కూడా ఆ ‘యొక్క’ ఉంది.

ఐరీన్ పాపాస్ పుట్టింటి పేరు లెలెకు, అంటే లెలెకోస్ యొక్క. 1948లో ఆల్కిస్ పాపాస్‌ని పెళ్లి చేసుకుని, 1951లో విడిపోయింది. పేరు మాత్రం 2022లో పోయేదాకా ఆవిడతోనే ఉంది. గ్రీసులో ‘స్’ లేకుండా, బయట సినిమా టైటిల్స్‌లో ‘స్’తో.