ఒరకత్తి తూకం: గొడ్డలి తోడుంటేనే కుదిరిన కత్తి

అడవికీ వేటకీ తీసుకెళ్లే ఒరకత్తి మంచిదో కాదో తేల్చడానికి కత్తుల ప్రియులు ఒక పరీక్ష చేస్తారు. కత్తిని చూపుడువేలి మీద అడ్డంగా ఆనిస్తారు. పిడీ అలుగూ కలిసే చోట అది ఏ పక్కకీ ఒరగకుండా నిలిస్తే తూకం కుదిరిందంటారు. పరీక్ష సులువు, చూడ్డానికి ముచ్చటగానూ ఉంటుంది. కానీ గత రెండు వందల ఏళ్లలో ఈ కత్తి ఎలా మారుతూ వచ్చిందో గమనిస్తే, ఒక్క కత్తిని విడిగా చేతిలోకి తీసుకుని దాని తూకం మంచిచెడ్డలు చెప్పలేమని తెలుస్తుంది. నరికే పనిని మరో పనిముట్టుకు అప్పగించిన చోటల్లా ఒరకత్తి చిన్నదై, పలచనై, చేతిలో కుదురుకుంది. ఆ పని కూడా తన మీదే పడినప్పుడు, లేదా నలుగురినీ భయపెట్టే ఆయుధంగా మారినప్పుడు, పొడవూ బరువూ పెరిగి తూకం మొనవైపు జారింది. అమెరికా వేటకత్తి చరిత్ర ఈ మాటకు మంచి సాక్ష్యం.

ముందు తూకం లెక్క చూడాలి. ఉక్కు నీటికంటే దాదాపు ఎనిమిది రెట్లు బరువు. పిడికి వాడే కర్రల్లో ఎక్కువ భాగం నీటికంటే తేలిక. అందువల్ల పిడి బరువును నిర్ణయించేది పైకి కనిపించే కర్ర కంటే దాని లోపలికి దిగిన ఉక్కు తోకే. అలుగు మొనవైపు సన్నబడుతుంది, వాదర వైపు పలచబడుతుంది. పిడి పొడవునా సాగిన తోక మాత్రం అదే మందంతో ఉండిపోతుంది. నాలుగైదు అంగుళాల అలుగున్న కత్తి సాధారణంగా పిడి వైపు ఒరగడానికి కారణం ఇదే. దాన్ని సరిచేయాలంటే తోకను వెనక్కి పోనుపోను పలచన చేయాలి, లేదా అందులో బెజ్జాలు వేయాలి, లేదా మొదటినుంచే సన్నని తోక పెట్టి చుట్టూ కర్ర బిగించాలి. అలుగు పొడవు పెంచితే లెక్క తిరగబడుతుంది. బరువు మొనవైపు చేరి దెబ్బకు బలం వస్తుంది. కొమ్మ నరకడానికి అది వరం. పుల్ల చెక్కడానికీ, జంతువు తోలు ఒలవడానికీ అదే ఇబ్బంది, ఎందుకంటే ముందుకు వాలే మొనను మణికట్టు ఎప్పటికప్పుడు ఎత్తిపట్టాలి. రెండు పనులకూ సమానంగా సరిపోయే తూకం ఒకే కత్తిలో కుదరదు. ఎవరి నేర్పూ దీన్ని మార్చలేదు.

ఈ సంగతి మరిచిపోయిన కాలానికి గుర్తు బోవీ కత్తి. 1827 సెప్టెంబరు 19న మిసిసిపీ నదిలో, నాచెజ్ పట్టణానికి దగ్గరలోని ఒక ఇసుకతిన్నె మీద ఇద్దరు పెద్దమనుషుల మధ్య ద్వంద్వయుద్ధం జరిగింది. అందులో ఎవరికీ గాయం కాలేదు గానీ, వెంట వచ్చినవాళ్లు కలబడ్డారు. తూటాలూ కత్తిపోట్లూ తిన్న జేమ్స్ బోవీ తన పెద్ద కత్తితో నారిస్ రైట్ అనే ప్రత్యర్థిని చంపాడు. ఆ వార్త పత్రికలకెక్కి కత్తికి అతని పేరు స్థిరపడింది. 1836 మార్చి 6న టెక్సస్‌లోని అలమో కోటలో బోవీ చనిపోవడంతో ఆ పేరు గాథగా మారింది. అతని అన్న రెజిన్ బోవీ 1838లో ఒక పత్రికకు రాసిన లేఖలో ఆ మొదటి కత్తి వివరాలిచ్చాడు. అలుగు తొమ్మిదింబాతిక అంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు, ఒకవైపే వాదర, వంపు లేదు. వేటలో వాడుకోవడానికే దాన్ని చేయించానన్నాడు. ఆ కొలతలు చూస్తే అది కసాయి కత్తికి దగ్గరి చుట్టమే. పోట్లాటలో పేరు వచ్చాకే దానికి వంపు తిరిగిన మొన, పిడి దగ్గర రెండువైపులా అడ్డు, పెరిగిన పొడవు వచ్చిపడ్డాయి.

గిరాకీ చూసి ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తుల కర్మాగారాలు రంగంలోకి దిగాయి. జార్జ్ వోస్టెన్‌హోమ్ వంటి సంస్థలు అలుగుల మీద ప్రగల్భాలు చెక్కి అమెరికాకు ఓడలకెత్తాయి. ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఆనాటి కత్తి మొరటుగా ఉండటానికి కారణం మంచి ఉక్కు దొరకకపోవడమే కావచ్చు కదా? అదేమీ కాదు. మూసలో మేలిరకం ఉక్కు కరిగించే పద్ధతి షెఫీల్డ్‌లో 1740లలోనే మొదలైంది. మూస ఉక్కు విద్య మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం కమ్మరులకు అంతకు చాలా ముందే తెలుసు. వాళ్ల ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. పలచని, గట్టి అలుగు చేయగల లోహం ఉంది, చేయగల చేతులూ ఉన్నాయి. అడిగినవాళ్లకు కావలసింది మాత్రం వేరు. అలబామా రాష్ట్రం 1837లో బోవీ కత్తి అమ్మకం మీద 100 డాలర్ల పన్ను వేసింది. టెన్నెసీ 1838లో అమ్మకాన్నే నిషేధించింది. మాంసం కోసుకునే పనిముట్టు మీద ఏ శాసనసభా ఇలా విరుచుకుపడదు. వేటకత్తి పేరుతో అమ్ముడవుతున్నది ఆయుధమేనని ఆ చట్టాలే ఒప్పుకున్నట్టయింది.

మార్పు కర్మాగారాల నుంచి రాలేదు. మూట వీపున వేసుకుని నడిచేవాళ్ల నుంచి వచ్చింది. జార్జ్ వాషింగ్టన్ సియర్స్ పెన్సిల్వేనియాలోని వెల్స్‌బరోలో ఉండేవాడు. ‘నెస్‌మక్’ అన్న కలం పేరుతో ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ పత్రికకు రాసేవాడు. చిన్న ఆకారం, అంతంతమాత్రం ఆరోగ్యం. కాబట్టి మోసే ప్రతి వస్తువు బరువూ అతనికి లెక్కే. 1883లో అడిరండాక్ సరస్సుల మీద అతను తిరిగిన పడవ ‘సైరీ గాంప్’ బరువు పదిన్నర పౌండ్లు, అంటే ఐదు కిలోలైనా లేదు. 1884లో వచ్చిన అతని ‘వుడ్‌క్రాఫ్ట్’ పుస్తకం అంగళ్లలోని బోవీలనూ వేటకత్తులనూ తీసిపారేసింది. అవి మందంగా, మొద్దుగా ఉంటాయనీ, చూడ్డానికి హంతకుల కత్తుల్లా ఉన్నా పనికి అక్కరకు రావనీ అతని తీర్పు. వాటికి బదులుగా అతను మూడు పనిముట్లు చెప్పాడు. రెండువైపులా వాదర ఉన్న చిన్న గొడ్డలి, పలచని అలుగు ఒరకత్తి, జేబులో మడతకత్తి. ఆ కత్తి పలచగా ఉండగలిగిందంటే పక్కన గొడ్డలి ఉండబట్టే. కట్టెలు చీల్చే భారం దాని మీద లేదు. నెస్‌మక్ కత్తిని నేడు చాలామంది దాని వంపు చూసి నకలు చేస్తారు. అతని అసలు ఆలోచన ఆ మూడింటి పని పంపకంలో ఉంది.

ఈ ఆలోచనకు కొలతలిచ్చినవాడు హొరేస్ కెఫార్ట్. సెయింట్ లూయీలోని మెర్కంటైల్ లైబ్రరీలో గ్రంథాలయాధికారిగా పనిచేసి, 1904లో నార్త్ కరోలినాలోని స్మోకీ పర్వతాలకు చేరాడు. ఆ కొండల్లో జాతీయ ఉద్యానం కావాలని వాదించినవారిలో ముఖ్యుడు. 1906లో మొదట వెలువడి, తర్వాత పెరిగి రెండు సంపుటాలైన అతని శిబిర జీవన గ్రంథంలో, పల్లెటూరి కమ్మరి చేసిపెట్టిన ఒక అందంలేని కత్తి వర్ణన ఉంది. అలుగు నాలుగున్నర అంగుళాలు, పిడీ అంతే. అలుగు వెడల్పు అంగుళం, వెన్ను మందం అంగుళంలో ఎనిమిదో వంతు. మొత్తం బరువు నాలుగు ఔన్సులు, సుమారు 113 గ్రాములు. వేళ్లు వాదర మీదికి జారకుండా కిందివైపు ఒక చిన్న బొడిపె తప్ప అడ్డేమీ లేదు. వెన్నువైపు అడ్డు పెడితే పనికి అడ్డమే గానీ లాభం లేదన్నాడు. అన్నిటికంటే విలువైన మాట పిడి గురించి. అది తేలికైన గట్టి కర్రతో ఉండాలి, ఒరలోకి కాస్త దిగి బిగుసుకోవాలి. పిడి బరువైతే మనిషి వంగినప్పుడు కత్తి ఒరలోంచి జారిపోతుంది. వేలి మీద నిలిపే పరీక్షలో ఈ సంగతి బయటపడదు. తూకం చేతిలో ఎంత ముఖ్యమో నడుము దగ్గరా అంతే ముఖ్యమని కెఫార్ట్ గ్రహించాడు. పెన్సిల్వేనియాలోని కోల్‌క్లెసర్ సోదరులు ఆ నమూనాను తయారుచేసి అమ్మారు. ఆ కెఫార్ట్ కూడా చిన్న గొడ్డలి లేకుండా అడవికి వెళ్లమని చెప్పలేదు.

దీనికి బలమైన ఆక్షేపణ నేపాల్ నుంచి వస్తుంది. ఖుక్రి ముందుకు వంగిన బరువైన అలుగు. తూకం పిడికి బాగా ముందు ఉంటుంది. అయినా కట్టె కొట్టడం నుంచి వంటింటి పని వరకూ ఆ కొండ ఊళ్లలో శతాబ్దాలుగా దానితోనే సాగుతోంది. మరి పెద్ద కత్తికి తూకం చెడుతుందన్న వాదం ఏమైనట్టు? జవాబు ఖుక్రి ఒరలోనే ఉంది. సంప్రదాయ ఒర వెనక రెండు చిన్న అరలుంటాయి. ఒకదాంట్లో కర్దా అనే బుల్లి కత్తి, మరోదాంట్లో పదును సరిచేయడానికీ చెకుముకి రాపిడికీ వాడే చక్‌మక్. అంటే ఖుక్రి ఇక్కడ గొడ్డలి స్థానంలో ఉంది, సన్నపని కర్దాకు వదిలేసింది. యూరప్ ఉత్తరపు అంచున రెయిన్‌డీర్‌లను మేపే సామీ ప్రజలదీ ఇదే పద్ధతి. కొమ్మలు నరకడానికి, ఎముకలు విరగ్గొట్టడానికి ‘లెయుకు’ అనే పెద్ద కత్తి ఒకటి, చెక్కడానికీ కోయడానికీ చిన్న కత్తి మరొకటి. మన తాటిచెట్టెక్కే గీత కార్మికుడి దగ్గర కూడా మట్టలు నరికే కత్తి వేరు, కల్లు కోసం గెల మొనను పలచగా చెక్కే కత్తి వేరు. ఒకరినొకరు ఎరగని ఇన్ని చోట్ల ఒకే ఏర్పాటు కనిపించడం కాకతాళీయం అనలేం.

అయితే అమెరికన్లు కొత్తగా కనిపెట్టింది ఏముందని ఇంకొకరు అడగవచ్చు. నిజమే, ఏమీ లేదు. ఫిన్‌లండు వాసుల పూక్కో అరచేయి వెడల్పుకు కాస్త అటూఇటూ పొడవుండే అలుగు, సన్నని తోక, బిర్చి కర్ర పిడి, అడ్డు లేని ఆకారంతో ఎప్పటినుంచో ఉంది. అక్కడి రైతు చేతిలో గొడ్డలి ఎప్పుడూ ఉండేది కనుక నడుముకున్న కత్తి పెరగాల్సిన అవసరం పడలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన ఓట్జీ అనే మనిషి దాదాపు 5,300 ఏళ్ల కిందటివాడు. అతని దగ్గర యూ కర్ర కామకు బిగించిన రాగి గొడ్డలి ఉంది. దాంతోపాటు పిడితో కలిపి 13 సెంటీమీటర్లున్న చెకుముకిరాతి కత్తి, దానికి నారతో అల్లిన ఒర ఉన్నాయి. ఎప్పటినుంచో ఉన్న ఈ జోడును విడగొట్టింది 19వ శతాబ్దపు బోవీ మోజు. నెస్‌మక్, కెఫార్ట్ చేసింది దాన్ని మళ్లీ కలపడమే.

మోజు అంతటితో ఆగలేదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మెరీన్ దళం 1942లో ఏడంగుళాల అలుగున్న కత్తిని ఎంచుకుంది. తర్వాత కా-బార్ పేరుతో ప్రసిద్ధమైన ఆ కత్తి పోరాటానికీ డబ్బా తెరవడానికీ కూడా పనికిరావాలి. యుద్ధం ముగిశాక సైనికులు ఇంటికి తెచ్చుకున్న ఆ ఆకారమే వేటకత్తి అంటే ఇలా ఉండాలన్న అభిప్రాయాన్ని మళ్లీ స్థిరపరచింది. ఆ అభిప్రాయాన్ని మార్చినవాడు బాబ్ లవ్‌లెస్ అనే అమెరికన్ కత్తుల తయారీదారు. 1950ల మొదట్లో న్యూయార్క్ అంగడిలో అతను కోరిన, రాండల్ అనే తయారీదారు చేసే కత్తికి నెలల తరబడి ఆగాలన్నారు. దాంతో పాత కారు స్ప్రింగుతో తనే ఒకటి చేసుకున్నాడు. లారీ కమాను కట్టలతో కొడవళ్లు చేసే మన కమ్మరులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. లవ్‌లెస్ పేరు నిలబెట్టిన వేటకత్తి అలుగు నాలుగు అంగుళాలకు కాస్త అటూఇటూ. మొన కొద్దిగా కిందికి దిగి ఉంటుంది, తోలు ఒలిచేటప్పుడు లోపలి పేగుల్ని చీల్చకుండా. పిడిలోని తోక వెనక్కి పోనుపోను పలచబడుతుంది. ఆ పలచన అలంకారం అనుకునేవాళ్లున్నారు. ముందు చెప్పుకున్న లెక్క ప్రకారం చిన్న కత్తి పిడి వైపు ఒరుగుతుంది. ఆ ఒరుగును అదుపు చేయడానికి చేసిన పని అది. ఎంతోమంది కత్తుల తయారీదారులు ఆ పద్ధతిని అనుసరించారు.

ఇంకొక వాదన ఉంది. దారి తప్పి ఒక్క పనిముట్టుతో బతకాల్సి వస్తే పెద్ద కత్తే దిక్కు కదా? 1982లో వచ్చిన ‘ఫస్ట్ బ్లడ్’ సినిమా తర్వాత బోలు పిడి ఉన్న పొడవైన కత్తులు విపరీతంగా అమ్ముడుపోయింది ఈ ఊహ మీదే. బోలు పిడిలో అగ్గిపుల్లలు పట్టడానికి ఉక్కు తోకను తీసేశారు. చవక నకళ్లలో అలుగు ఊడిపోయేది సరిగ్గా అక్కడే. నిజంగా వాన అడవుల్లో బతికే జనం మచ్చుకత్తి పట్టుకెళ్తారు, సన్నపనికి దాని పక్కన చిన్నదొకటి ఉంచుకుంటారు. 113 గ్రాముల కత్తికి తూకం చోటు ఒక వేలు అటూ ఇటూ అయితే ఏమవుతుందన్న ఆక్షేపణలో మాత్రం నిజముంది. అంత తేలిక కత్తిలో తూకం కంటే పిడి ఆకారం, వెన్ను మందం ముఖ్యం. దీన్ని ఒప్పుకోవడం అసలు వాదానికే బలం. పని తగ్గించి కత్తిని తేలిక చేస్తే తూకం సమస్య చాలావరకూ తనంత తానే సర్దుకుంటుంది.

అందుకే ఒరకత్తి చేయించుకునేవారూ కొనేవారూ వేలి పరీక్ష కంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. దీని వెంట ఏ పనిముట్టు వస్తోంది? గొడ్డలో మచ్చుకత్తో వెంట ఉంటే నాలుగైదు అంగుళాల అలుగు, పలచని వెన్ను, తేలిక పిడి చాలు. వెంట ఏదీ లేకపోతే, కత్తిని పొడవు చేయించడానికి పెట్టే డబ్బుతో ముందు చిన్న గొడ్డలి కొనండి.