మరల కలియుట: ఒక ఆంగ్ల క్రియాపద చరిత్ర

కొన్ని మాటల చరిత్రలో మనుష్యుల నడవడి చరిత్రయు దాగియుండును. ఆంగ్లమునందలి ‘రిజాయిన్’ అను క్రియాపదము అట్టిది. విడిపోయినవారు మరల కలిసికొనుట దాని యర్థము. ఒకరి మాటకు ఎదురుమాట చెప్పుటయు దాని యర్థమే. కలయికకును వాదమునకును ఒక్క పదమెట్లు చెల్లినది?

‘మరల’ అను నర్థము గల ‘రె’, ‘కలుపుట’ అను నర్థము గల ‘యుంగెరె’ అను లాటిన్ మాటలు ఈ పదమునకు మూలము. ఫ్రెంచి ద్వారమున అది ఆంగ్లమున ప్రవేశించినది. సంస్కృతమునందలి ‘యుజ్’ ధాతువు ఆ లాటిన్ పదమునకు తోబుట్టువు. యోగము, సంయోగము అని మనము పలుకునపుడెల్ల ఆ కుటుంబపు మాటనే పలుకుచున్నాము. ఎడ్ల మెడపై వేయు కాడికి ఆంగ్లమున గల ‘యోక్’ అను పేరును ఆ కుటుంబము లోనిదే.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచి క్రమముగా అచ్చటి న్యాయస్థానముల భాషయైనది. వాదములు దేశభాషలో జరుగవలెనని 1362లో శాసనము చేసినను, ఫ్రెంచి పారిభాషిక పదములు న్యాయవాదులను విడువలేదు. వాది అభియోగము తెలుపును, ప్రతివాది సమాధానము చెప్పును, వాది ప్రత్యుత్తరమిచ్చును, దానికి ప్రతివాది మరల చెప్పునదే ‘రిజాయిండర్’. ఒకరు ఔనన్న అంశమునే మరియొకరు కాదనువరకు ఈ వరుస సాగవచ్చును. అప్పుడు ఉభయులును వివాదాంశమున ‘కలిసిరి’ అని వ్యవహారము. ఎదురుమాట చెప్పుట యను అర్థము 15వ శతాబ్దినాటికే ఆంగ్లమున కానవచ్చుచున్నది. మరల కలియుట యను అర్థము 16వ శతాబ్దిలో వచ్చి చేరినది.

ఆంగ్లేయుల న్యాయపద్ధతితో ఈ మాట భారతదేశమునకు వచ్చి చేతులు మారినది. ఇంగ్లండులో ప్రతివాది సొత్తైన రిజాయిండర్, నేడు మన న్యాయస్థానములలో సాధారణముగా ప్రతివాది సమాధానమునకు వాది యిచ్చు ప్రత్యుత్తరము.

మనకును ఇట్టి మాటలు గలవు. సంధి యనగా వ్యాకరణమున అక్షరముల కలయిక, రాజనీతిలో వైరుల యొడంబడిక. విగ్రహమనగా వ్యాకరణమున సమాసమును విడదీయుట, రాజనీతిలో యుద్ధము. అయితే మన పూర్వులు కలియుటకొక మాటను, పోరుటకొక మాటను వేరుగా నుంచిరి. ‘రిజాయిన్’ ఆ రెండింటిని ఒక్క కాడికి కట్టినది.

ఆ కట్టుటలో న్యాయము లేకపోలేదు. పూర్వపు ఇంగ్లీషు న్యాయస్థానమున ఎదురుమాట చెప్పినవానికి ఓటమి నిశ్చితము కాదు. బదులు పలుకనివానిపై తీర్పు వెలువడెడిది. అన్నదమ్ముల తగవులోను, జాతుల తగవులోను ఇంతియే. మాటకు మాట చెప్పువాడు ఇంకను సభను విడువలేదు. మరల కలియుటకు త్రోవ అచ్చటనే యున్నది.