జింకల వేళ, మన కావలి వేళ

అన్నలారా, శెనక్కాయ మొలకెత్తిందంటే జింకల బాధ మళ్లీ మొదలు. తెల్లవారుజామున ఒకసారి, పొద్దు వాలినాక ఒకసారి చేన్లో దిగుతాయి. ఎండ ముదిరితే పక్కకు పోయి నెమరేస్తాయి. ఈ వేళలు పాత వేటగాళ్లకూ బాగా తెలుసు.

వెనకటి రాజులు జింకల వేటకు చీతాల్ని సాకేవాళ్లు. కళ్లకు గంతలు కట్టి, ఎద్దులబండి మీద మంద దగ్గరికి తోలేవాళ్లు. బండి ఎందుకంటారా? మనిషి నడిచొస్తే జింక పారిపోతుంది, బండిని చూస్తే బెదరదు. రోజూ చేన్ల మధ్య తిరిగే రైతు బండి దానికి అలవాటే కదా. మన బండినే మరుగు చేసుకున్నారు చూడండి! దగ్గరికి పోయినాక గంత విప్పి వదిలేవాళ్లు. కొన్ని వందల గజాల్లో దొరికితే సరి, లేకుంటే చీతా ఆయాసపడి ఆగిపోయేది.

1947లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా రాజు మూడు చీతాల్ని కాల్చేశాడు. 1952లో దేశంలో చీతా లేదని ప్రకటించారు. తుపాకులు, జీపులు వచ్చి జింకలూ తరిగిపోయాయి. అందుకే 1972 చట్టం కృష్ణజింకకు గట్టి రక్షణ ఇచ్చింది. ఇప్పుడు చంపితే 3 నుంచి 7 ఏళ్లు జైలు. కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం పెడితే పిట్ట కరువైంది, జింకలు పెరిగి పక్క చేలమీద పడ్డాయి.

చట్టం తప్పని నేననను. కానీ తరిమే జంతువు పోయి ఆ పని మన నెత్తిన పడింది, ఆ కూలి ఎవరూ లెక్కగట్టరు. ఉచ్చులు, కరెంటు తీగలు మాత్రం వద్దు, మనుషులే పోతారు. రేపు నాలుగింటికే డబ్బా పట్టుకొని చేనికి పోతున్నా. పక్క చేనోళ్లు కూడా రండి.