కాగితానికి లొంగని రవిక

1863లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్టెర్లింగ్ అనే ఊళ్లో, ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ కాగితపు నమూనాలను వేర్వేరు సైజుల్లో కత్తిరించి అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందూ నమూనాలు దొరికేవి గానీ చాలావరకు ఒకటే సైజు. పెంచుకోవడం, తగ్గించుకోవడం కొన్నవాళ్ల తిప్పలు. సింగర్ మిషన్‌కు 1851లోనే పేటెంటు వచ్చింది, కొన్నేళ్లకే వాయిదాల మీద ఇళ్లకు చేరసాగింది. కుట్టడానికి మిషన్ ఉన్నా, ఖరీదు పెట్టి కొన్న బట్ట మీద కత్తెర పెట్టాలంటేనే భయం. ఆ భయాన్ని పల్చటి టిష్యూ కాగితం తీర్చింది. దాని మీద మొదట్లో అచ్చు గీతలు కూడా లేవు, గుర్తుల కోసం చిల్లులూ గాట్లూ మాత్రమే. ఇంటి కుట్టుకు ఇంత మేలు చేసిన ఆ కాగితం తెలుగు ఇళ్లలో మాత్రం పాతుకోలేదు. సింగర్ వచ్చింది, 1930ల తర్వాత కలకత్తా నుంచి ఉషా వచ్చింది, కాగితం రాలేదు. దీన్ని మన వెనకబాటుతనం కింద జమకట్టేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మన చేతిలో అంతకంటే నమ్మకమైన నమూనా అప్పటికే ఉంది కనక దాని అవసరం పడలేదు. ఆ నమూనా పేరు ఆది జాకెట్టు, అంటే కొత్తది కుట్టేందుకు కొలతగా దర్జీకి ఇచ్చే, ఒంటికి కుదిరిన పాత జాకెట్టు.

కాగితపు నమూనాలో లోపం కాగితంలో లేదు, లెక్కలో ఉంది. ఆడవాళ్ల పై దుస్తులకు సైజు కట్టేటప్పుడు ఛాతీ కొలత ఒక్కటీ తీసుకుని, భుజం, చంక, నడుము అన్నీ దాని నిష్పత్తిలోనే పెరుగుతాయని అనుకున్నారు. ఒళ్లు అలా పెరగదు. ఛాతీ 36 అంగుళాలున్న ఇద్దరిలో ఒకరికి భుజాలు విశాలంగా ఉంటాయి, మరొకరికి జబ్బ లావుగా ఉంటుంది. ఈ తేడా పట్టుకోవాలనే అమెరికా వ్యవసాయ శాఖ 1939-40లో దాదాపు 15 వేల మంది స్త్రీలను, ఒక్కొక్కరికి 50కి పైగా కొలతలతో కొలిపించింది. అంత శ్రమా పడి, చివరికి లెక్కలోకి తీసుకున్నది తెల్లజాతి స్త్రీల కొలతలే. 1958లో వెలువడిన ప్రామాణిక సైజులకు ఆధారం అదే. అలాంటి సగటు వదులు గౌనుకు సరిపోవచ్చు. ఒంటికి అంటిపెట్టుకుని ఉండే జాకెట్టులో అర అంగుళం తేడా వచ్చినా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తెలుస్తూనే ఉంటుంది.

రవిక మొదట్నుంచీ ఇంత బిగువైనదేం కాదు. పాతకాలపు రవిక ఎక్కువగా తిన్నటి ముక్కల కూర్పు. ముందు ముడి, చంక కింద నలుచదరపు ముక్క ఒకటి. ఆ చిన్న ముక్క చేసే పని పెద్దది. చేయి పైకెత్తినప్పుడు అది విచ్చుకుంటుంది, రవిక అంచు పైకి లేవదు. 1860ల్లో బొంబాయిలో ఉన్న బెంగాలీ మహిళ జ్ఞానదానందినీ దేవి పార్సీ స్త్రీల పద్ధతి చూసి, లోపల జాకెట్టు, లంగా ఉండేలా చీర కట్టడం బెంగాలుకు పరిచయం చేసింది. ఇంగ్లీషు దుస్తుల ప్రభావంతో టక్కులూ గుండ్రటి చంకా ఉన్న జాకెట్టు క్రమంగా దేశమంతా పాకింది. చంక ముక్క పోయి దాని బదులు వంపు వచ్చింది. ఇప్పటికీ చేయి లేపితే పట్టేస్తోందని చంకను ఇంకా లోతుగా కత్తిరించమంటారు. లోతు పెరిగితే చేయి ఎత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లాక్కుపోతుంది. కావలసింది లోతు కాదు, చేతి ముక్కలో వెడల్పు. ఈ కిటుకు కాగితపు నమూనా మీది సైజు అంకె చెప్పదు. ఆది జాకెట్టు చెబుతుంది, ఎందుకంటే అది ఒక మనిషి ఏళ్ల తరబడి తొడుక్కుని, కుట్లు విప్పించి, మళ్లీ వేయించి తేల్చుకున్న లెక్క. పక్క కుట్టు లోపల రెండు మూడు వరసలు వేసి మార్జిన్ వదలడం కూడా ఆ తెలివిలో భాగమే. పేరంటాల్లో తాంబూలంతో వచ్చిన జాకెట్టు ముక్కలు బీరువాలో పోగుపడే ఇంట్లో, కొలతా బట్టా రెండూ సిద్ధంగానే ఉండేవి.

ఆది పాత తప్పునే మళ్లీ మళ్లీ దించుతుందని ఒక ఆక్షేపణ. కొంతవరకు నిజమే, అయితే ఆది ఇచ్చేవాళ్లెవరూ నోరు మూసుకుని ఇవ్వరు. మెడ అర అంగుళం తగ్గించండి, చేతులు కాస్త వదులు పెట్టండి అని చెప్పే ఇస్తారు. రెండోది ఇంతకంటే బరువైన ఆక్షేపణ: బటరిక్ కాగితం స్త్రీల చేతికి కత్తెర ఇచ్చింది, ఆది వాళ్లను దర్జీ గుమ్మం ముందు నిలబెట్టింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చూసి దించే విద్య దర్జీ కుటుంబాల్లోనే ఉండిపోయింది, కాగితం మీదికి ఎక్కలేదు. పండగల ముందు దర్జీ చెప్పిన తేదీకి జాకెట్టు రాక ఎదురుచూడటం ఆ లోటు ఫలితమే. మహిళా మండళ్లు, కుట్టు కేంద్రాలు వచ్చాక గానీ ఛాతీని నాలుగో వంతు చేసి, వదులు కలిపి, పాత న్యూస్‌పేపరు మీద గీసే లెక్క ఇళ్లలోకి రాలేదు. అయినా ఆ క్లాసుల్లో నేర్చినవాళ్లు కూడా సూత్రంతో గీసింది కత్తిరించే ముందు ఆది జాకెట్టును మడిచి దాని మీద పెట్టి సరిచూసుకుంటారు. సూత్రానికీ ఒంటికీ తేడా వస్తే వాళ్లు దిద్దేది సూత్రాన్నే.

అందుకే సొంతంగా కుట్టుకోవాలనుకునేవాళ్లు నమూనా కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. హాయిగా ఉన్న పాత జాకెట్టు ఒకటి తీసి, ఒక పక్క కుట్లన్నీ విప్పండి. ముక్కల్ని ఇస్త్రీ చేసి బ్రౌన్ పేపరు మీద పరిచి గీయండి. టక్కుల చోటు, బట్ట నిలువు దారం వెళ్లే దిక్కు గుర్తుపెట్టండి. బిగువనిపించిన చోట కాగితం మీదే దిద్దండి. కొత్త బట్ట మీద కత్తెర పెట్టే ముందు పాత దుప్పటి ముక్కతో ఒకసారి కుట్టి, తొడుక్కుని, చేతులు రెండూ పైకెత్తి చూసుకోండి.