‘సమర్పించుకొను’: తిరుమల తలనీలాలు, 2004లో యూదు స్త్రీల విగ్గుల పరిత్యాగం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తిరుమలలో భక్తులు ఇచ్చే తలనీలాలు వేలంలో అమ్ముడై, శుద్ధి పొంది, విగ్గులుగా మారి విదేశాలకు చేరుతున్నాయి. ఆ కేశాలతో చేసిన విగ్గులు ధరించరాదని 2004 మే నెలలో జెరూసలేంలోని ఒక యూదు మతాచార్యుడు తీర్పు చెప్పడంతో, సనాతన యూదు సమాజాలకు చెందిన అనేకమంది స్త్రీలు ఏళ్ల తరబడి ధరించిన విగ్గులను వదులుకున్నారు. తిరుమలలో జరిగేది కేశాల నివేదనా, లేక శిరోముండనం మాత్రమేనా అన్నది ఆ తీర్పుకు మూలమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం తెలుగు భక్తుల వాడుకభాషలో ఎలా నిక్షిప్తమై ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తలనీలాలు, కల్యాణకట్ట, విగ్గు, షైటెల్, ముండనం, ఆత్మార్థకం.

1. ప్రవేశిక:
కేశాలకు సంబంధించిన పదసంపద తెలుగులో విస్తృతమైనది. పుట్టువెంట్రుకలు, తలనీలాలు, సవరం, జడ, కొప్పు, పిలక, గుండు, బోడి అన్న ప్రతి మాట వెనుకా ఒక ఆచారమో, ఒక సామాజిక స్థితో ఉంది. వీటిలో ‘సవరం’ ఇతరుల కేశాలను, లేదా రాలిన సొంత కేశాలను, జడకు జోడించే సాధనం. ‘విగ్గు’ తలనంతటినీ కప్పే కృత్రిమ కేశాచ్ఛాదనం. ‘గుండు’ ఈ రెండింటికీ అవతలి స్థితి. విగ్గును వదలడం, గుండుకు అలవాటు పడడం అన్నవి పైకి వ్యక్తిగత విషయాలుగా కనిపిస్తాయి. కాని ఒకచోట తీసిన జుట్టు మరొకచోట తలపైకి చేరినప్పుడు, ఒకరి మొక్కు మరొకరి ధర్మసంకటంగా మారగలదు. 2004 నాటి ఘటనలు అందుకు నిదర్శనం.

2. కల్యాణకట్ట – ఆచారం, ఐతిహ్యం:
తిరుమలలో శిరోముండనం జరిగే స్థలానికి ‘కల్యాణకట్ట’ అని పేరు. క్షౌరాన్ని కల్యాణమనడం మంగళార్థకమైన వ్యవహారం. ‘క్షవరకల్యాణం’ అన్న జాతీయం, ‘మంగలి’ అన్న వృత్తినామం ఈ ధోరణికే చెందుతాయి. భక్తుడు కల్యాణకట్టలో గుండు చేయించుకొని, స్నానం చేసి, ఆ తరువాత దర్శనానికి వెళతాడు. తీసిన జుట్టు గర్భాలయానికి చేరదు. విగ్రహం ముందు ఉంచరు. అర్చకులు దానిని తాకరు. పూర్తిగా గుండు చేయించుకోని స్త్రీలు ‘మూడు కత్తెరలు’ ఇచ్చి మొక్కు తీర్చుకుంటారు. కొద్దిపాటి కొసలతోనే మొక్కు చెల్లుతున్నదంటే, ఈ ఆచారంలో ప్రాధాన్యం జుట్టు పరిమాణానికి కాదని స్పష్టం.

ఈ ఆచారానికి బహుళ ప్రచారంలో ఉన్న ఐతిహ్యం నీలాదేవి కథ. పుట్టలో ఉన్న శ్రీనివాసునికి గోపాలకుని గొడ్డలి దెబ్బ తగిలి తలపై కొంత భాగంలో జుట్టు ఊడిపోయిందనీ, గంధర్వ రాకుమారి నీలాదేవి తన కురులలో కొంత భాగం కోసి ఆ చోట అతికించిందనీ, భక్తులు ఇచ్చే కేశాలు ఆమెకే చెందుతాయని స్వామి వరమిచ్చాడనీ ఈ కథ చెబుతుంది. ఏడుకొండలలో ఒకటైన నీలాద్రికి ఆమె పేరే వచ్చిందంటారు. ‘తలనీలాలు’ అన్న మాటను కూడా జనవ్యవహారం ఈ కథతో ముడిపెడుతుంది. భాషాదృష్టితో చూస్తే ఇది ‘నీలవేణి’ వంటి పదాలలో కనిపించే నలుపు అర్థానికి దగ్గరగా ఉంది. ఏమైనా, దైవమే మరొకరి కేశాలను ధరించినట్లు చెప్పే ఈ కథలో తలనీలాలు స్పష్టంగా ‘ఇచ్చిన వస్తువు’. అంటే కల్యాణకట్టలోని క్రియాక్రమం జుట్టును పక్కన పెడుతుండగా, ఐతిహ్యం దానిని కానుకగా నిలుపుతున్నది. తరువాతి వివాదానికి బీజం ఈ రెండింటి మధ్య ఉన్న ఎడంలోనే ఉంది.

3. కల్యాణకట్ట నుంచి విపణికి:
దేవస్థానం ఈ కేశాలను పొడవును బట్టి తరగతులుగా విభజించి వేలం వేస్తుంది. స్త్రీల పొడవాటి జుట్టుకు అత్యధిక ధర పలుకుతుంది. పొట్టి వెంట్రుకలు ‘ఎల్-సిస్టీన్’ అనే అమైనో ఆమ్లం తయారీ వంటి పారిశ్రామిక అవసరాలకు పనికివస్తాయి. తెలుగు పల్లెల్లో దువ్వెనకు చిక్కిన వెంట్రుకలను దాచి, వీధిలోకి వచ్చే వర్తకులకు ఇచ్చి సామాన్లు తీసుకోవడం తెలిసినదే. ఆ చిక్కువెంట్రుకలలో కుదుళ్లు, కొసలు కలిసిపోయి ఉంటాయి. ఒకే తల నుంచి ఒక్కసారిగా తీసిన జుట్టులో కుదుళ్లన్నీ ఒకవైపే ఉంటాయి కనుక అది చిక్కుపడదు. మేలైన విగ్గులకు ఇటువంటి జుట్టే కావాలి. దానిని శుద్ధి చేసి, సహజమైన నలుపును రసాయనాలతో తొలగించి, కోరిన రంగు వేస్తారు. ఈ దశ దాటిన జుట్టు ఏ ఊరిదో, ఏ తలదో చూసి చెప్పడం అసాధ్యం.

4. షైటెల్ – కప్పి కనిపించే జుట్టు:
వివాహిత స్త్రీ బయటకు వచ్చినప్పుడు తల కప్పుకోవాలన్నది యూదు ధర్మశాస్త్ర నియమం. తలగుడ్డకు బదులు విగ్గు ధరించవచ్చునా అన్న చర్చ శతాబ్దాలుగా సాగుతున్నది. 16వ శతాబ్దిలో క్రాకోకు చెందిన రబ్బీ మోషే ఇస్సెర్లెస్ దీనిని అనుమతించినవారిలో ఒకరు. 20వ శతాబ్దిలో రబ్బీ ఒవాదియా యోసెఫ్ దీనిని నిషేధించగా, లుబావిచ్ హసిదీయుల గురువు మెనాఖెమ్ మెండెల్ ష్నేర్‌సన్ తలగుడ్డ కంటె విగ్గే మేలని ప్రోత్సహించారు. ఈ విగ్గును యిడ్డిష్ భాషలో ‘షైటెల్’ అంటారు. హంగేరీ మూలాలు గల కొన్ని హసిదిక్ సమాజాలలో వివాహానంతరం స్త్రీలు తల గొరిగించుకొని, దానిపై తలగుడ్డ గాని, విగ్గు గాని ధరిస్తారు.

షైటెల్ ఒక నియమాన్ని పాటిస్తూనే, పాటిస్తున్న సంగతిని ఇతరుల దృష్టి నుంచి దాచగలదు. ఉద్యోగం చేసే స్త్రీ అందరిలో ఒకరిగా కనిపించే వీలు దానివల్ల కలిగింది. తలగుడ్డకు ఆ గుణం లేదు. అది కప్పుతుంది, కప్పిన విషయాన్ని ప్రకటిస్తుంది కూడా. కనుక విగ్గును వదలడమంటే ఒక అలంకారాన్ని వదలడం మాత్రమే కాదు. సమాజంలో తాను కనిపించే తీరును మార్చుకోవడం.

5. 2004 నాటి తీర్పు:
అన్యదేవతకు నివేదించిన వస్తువు నుంచి ఏ ప్రయోజనమూ పొందరాదన్నది యూదు ధర్మశాస్త్రంలో కఠిన నియమం. భారతదేశపు కేశాల విషయంలో ఈ ప్రశ్న 2004కు ముందే తలెత్తింది. అప్పటికి లభించిన సమాచారాన్ని బట్టి జెరూసలేంకు చెందిన రబ్బీ యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ అభ్యంతరం చెప్పలేదు. ప్రశ్న మళ్లీ బలంగా వచ్చినప్పుడు లండన్‌కు చెందిన రబ్బీ అహరోన్ డోవిడ్ డన్నర్ తిరుమలకు వెళ్లి, అక్కడి ఆచారాన్ని చూసి, క్షురకులతోను భక్తులతోను మాట్లాడి వచ్చారు. ఇది దైవానికి చేసే సమర్పణే అన్న నివేదిక ఆధారంగా ఎల్యాషివ్ 2004 మే నెలలో నిషేధ నిర్ణయాన్ని వెలువరించారు.

దాని ఫలితం తక్షణం కనిపించింది. బ్రూక్లిన్‌లోని విలియమ్స్‌బర్గ్‌లోను, ఇజ్రాయెల్‌లోను వీధుల్లో విగ్గులు తగులబెట్టారు. వేల డాలర్ల ఖరీదు చేసే విగ్గులను వదిలి కొందరు కృత్రిమ నారతో చేసినవాటిని, కొందరు తలగుడ్డలను ఆశ్రయించారు. విగ్గుల వ్యాపారులు తమ సరుకు భారతదేశానిది కాదని ధ్రువీకరణలు చూపవలసివచ్చింది. మరోవైపు కొందరు పండితులు ఈ తీర్పుతో విభేదించారు. ముండనం విగ్రహ సన్నిధిలో జరగడం లేదనీ, జుట్టు అక్కడ విడిచిపెట్టిన పదార్థమే తప్ప నివేదన కాదనీ వారి వాదం.

యూదు సంప్రదాయానికి మొక్కుబడి ముండనం కొత్తది కాదన్న విషయం ఇక్కడ గమనార్హం. హీబ్రూ బైబిల్‌లోని సంఖ్యాకాండం ఆరవ అధ్యాయం ‘నాజీరు’ వ్రతాన్ని వివరిస్తుంది. వ్రతకాలమంతా జుట్టు పెంచిన వ్యక్తి వ్రతాంతంలో తల గొరిగించుకొని, ఆ జుట్టును సమాధానబలి కింద ఉన్న అగ్నిలో వేయాలి. అక్కడ మొక్కు జుట్టుకు గతి అగ్ని. తిరుమలలో దానికి గతి వేలం. మొక్కు, ముండనం, కేశాలు అనే మూడింటి సంబంధాన్ని తమ గ్రంథంలోనే ఎరిగిన సమాజం తిరుమల తలనీలాలను సాధారణ సరుకుగా తీసుకోలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

6. క్రియాపదంలోని సమాధానం:
భక్తులను అడిగి తెలుసుకున్న సమాధానంపై ఒక ధర్మనిర్ణయం ఆధారపడినప్పుడు, ఆ సమాధానపు భాష పరిశీలనార్హమవుతుంది. ఈ సందర్భంలో తెలుగువారు ప్రధానంగా మూడు రకాల ప్రయోగాలు చేస్తారు.

అ) ‘దేవుడికి తలనీలాలు ఇచ్చాను’. ఇక్కడ దేవుడు స్వీకర్త, తలనీలాలు దత్తవస్తువు. ఈ వాక్యాన్ని అనువదిస్తే నివేదన అన్న అర్థమే వస్తుంది.

ఆ) ‘గుండు చేయించుకున్నాను’. ఇందులో దేవుడి ప్రస్తావన లేదు, జుట్టు ప్రస్తావన లేదు. క్రియాఫలం కర్తకే చెందుతున్నది. ఈ వాక్యాన్ని అనువదిస్తే క్షౌరం మాత్రమే మిగులుతుంది.

ఇ) ‘తలనీలాలు సమర్పించుకున్నాను’. వార్తాపత్రికల నుంచి ఇంటి సంభాషణల వరకు ఈ రూపం కనిపిస్తుంది. ‘సమర్పించు’ ధాతువు ఫలాన్ని దైవం వైపు పంపుతుంది. ఆత్మార్థకంగా అనుప్రయుక్తమైన ‘కొను’ దానిని కర్త వైపు మళ్లిస్తుంది. ‘మొక్కు తీర్చుకొను’, ‘చెల్లించుకొను’ అన్నవి కూడా ఇదే తీరులో ఏర్పడ్డాయి.

ఈ మూడవ రూపంలో వాదప్రతివాదాలు రెండూ ఇమిడి ఉన్నాయి. ఇది నివేదనే అన్నవారు ‘సమర్పించు’ను విన్నారు, కాదన్నవారు ‘కొను’ను విన్నారు. భక్తునికి ఈ రెండూ వేరు కావు. అతడు ఇచ్చినది జుట్టే. అయినా తనతో ఇంటికి తెచ్చుకునేది గుండు. గంధం పూసిన గుండుతో ఊరికి చేరిన మనిషిని ‘తిరుపతి వెళ్ళొచ్చారా?’ అని అడుగుతారే గాని, జుట్టు ఏమైందని ఎవరూ అడగరు. అతడు గుండుకు అలవాటు పడడంలో ఇబ్బంది లేకపోవడానికి కారణం ఆ పలకరింపే. అతని విషయంలో మొక్కు అర్థం తలను అంటిపెట్టుకొని ఉండిపోయింది. యూదు స్త్రీ విషయంలో అదే అర్థం జుట్టుతో పాటు ప్రయాణించి, రసాయనాలకు లొంగక, ఆమె ఇంట్లో బయటపడింది.

7. ‘కొను’ లేని ముండనం:
ఆత్మార్థకానికి ఉన్న విలువ అది లోపించిన చోట మరింత స్పష్టమవుతుంది. బ్రాహ్మణ కుటుంబాలలో వితంతువులకు తల గొరిగించిన కాలంలో వారు గుండు ‘చేయించుకోలేదు’; వారికి ‘చేయించారు’. ముండనం చేసిన తలను సూచించే సంస్కృత శబ్దమే తెలుగులో వితంతువుకు పర్యాయంగా, చివరకు తిట్టుగా స్థిరపడింది. 1996లో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులకు బలవంతంగా శిరోముండనం చేశారు. ఆ కేసులో విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం తీర్పు 2024లో వచ్చింది. వీరిలో ఎవరి గుండుకూ ఊరి పలకరింపు లేదు. వాడిన సాధనం అదే, మిగిలిన తల అదే, మారినది కర్తృత్వం.

ఈ దృష్టితో చూస్తే 2004లో విగ్గులను వదిలిన స్త్రీల స్థితి సంక్లిష్టమైనది. తీర్పు చెప్పినవారు పురుషులు. జుట్టు ఎవరిదో తెలియదు. దానిని ఎంచుకున్నప్పుడు దోషభావన లేదు. అయినా విశ్వాసంతో స్వయంగా వదిలినవారికి అది ‘వదులుకోవడం’ అవుతుంది. సమాజ భీతితో వదిలినవారికి ‘వదిలించడం’ అవుతుంది. వీధిలో మండిన మంటను చూసి ఏ విగ్గు ఏ కోవకు చెందినదో చెప్పలేము.

8. ఉపసంహారం:
తిరుమల తలనీలాలపై జరిగిన పరిశీలన ఎక్కువగా ఆదాయం, ఎగుమతుల కోణానికే పరిమితమవుతున్నది. ఆ కేశాలతో పాటు ఒక క్రియాపదం కూడా ఎగుమతి అయిందనీ, అది అనువాదంలో రెండుగా చీలి రెండు పక్షాలకు ఆధారమయిందనీ 2004 ఉదంతం తెలుపుతున్నది. ‘సమర్పించుకొను’ అన్న రూపం ఇవ్వడాన్ని, పొందడాన్ని ఒకే క్రియలో నిలిపి, గుండును నష్టంగా కాక నెరవేరిన మొక్కుగా చూపుతుంది. గుండుకు అలవాటు పడడమన్నది కేశాలు తిరిగి పెరిగే కాలంపై గాని, విగ్గు లభ్యతపై గాని అంతగా ఆధారపడదు. ఆ క్రియకు తానే కర్తనని చెప్పుకోగలగడంపై, ఆ మాటను చుట్టూ ఉన్నవారు అంగీకరించడంపై ఆధారపడుతుంది. కేశసంబంధమైన ఆచారాలను అధ్యయనం చేసేవారు వస్తువు ప్రయాణంతో పాటు దానిని పలికే క్రియాపదాల వ్యాకరణాన్ని కూడా ఆధారంగా స్వీకరించవలసి ఉంది.