అమెరికాలో పాత నీటి పైపుల మార్పిడికి నిధులు

భూమిలో పాతిన నీటి పైపుల మరమ్మతుకూ మార్పిడికీ ముందుచూపుతో డబ్బు కేటాయించే అలవాటు అమెరికా నగరాలకు చాలా ఆలస్యంగా అబ్బింది. ఫిలడెల్ఫియా 1801లో చెక్క గొట్టాలతో సరఫరా మొదలుపెట్టి, తర్వాత పోత ఇనుముకు మారింది. నగరాలు సాధారణంగా బాండ్లు అమ్మి పైపులు వేసేవి. ఆ అప్పు నీటి చార్జీల నుంచి తీరేది. తీరాక ఆ పైపు మళ్లీ ఖర్చు పెట్టించే రోజు వస్తుందన్న ఊహే బడ్జెట్లలో ఉండేది కాదు. ఆ పైపులు అంత గట్టివి మరి.

ఈ ధీమాను అమెరికన్ వాటర్ వర్క్స్ అసోసియేషన్ 2001 నాటి నివేదిక కుదిపింది. 19వ శతాబ్దం చివర్లో వేసిన మందపాటి ఇనుప పైపుల ఆయుష్షు సుమారు 120 ఏళ్లు. 1920ల నాటివి నూరేళ్లు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వేసినవి 75 ఏళ్లు. తయారీ పద్ధతులు మారి గోడ మందం తగ్గే కొద్దీ ఆయుష్షూ తగ్గింది. కూడి చూస్తే మూడు తరాల పైపులకూ దాదాపు ఒకేసారి కాలం చెల్లుతోంది.

లెక్కల పద్ధతీ ఇబ్బందిని పెంచింది. 1950లో వేసిన పైపుకు తరుగుదల 1950 ధర మీదే కడతారు. కొత్తది వేయాలంటే మాత్రం నేటి ధర చెల్లించాలి, కేబుళ్లూ గ్యాస్ గొట్టాలూ తప్పించుకుంటూ రోడ్డు తవ్వాలి, మళ్లీ తారు పోయాలి. ఏటా ఒక్క శాతం పైపులు మార్చే ఊరు మొత్తం మార్చేసరికి నూరేళ్లు పడుతుంది. అయినా చార్జీలు పెంచడానికి ఎన్నికైన పాలకులు జంకుతారు. పగలని పైపు ఓటరుకు కనిపించదు.

1996లో తాగునీటి భద్రతా చట్టాన్ని సవరించి, రాష్ట్రాల ద్వారా తక్కువ వడ్డీ రుణాలిచ్చే నిధిని ఏర్పాటు చేశారు. అవసరాలు దాన్ని ఎప్పుడో మించిపోయాయి. పర్యావరణ పరిరక్షణ సంస్థ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం 20 ఏళ్లకు 62,500 కోట్ల డాలర్లు కావాలి. అందులో మూడింట రెండొంతులు పైపులకే.

వాయిదా వేసిన ఖర్చు, తొందరపాటు పొదుపు కలిస్తే ఏమవుతుందో మిషిగన్‌లోని ఫ్లింట్ చూపించింది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి డెట్రాయిట్ నీళ్లు మాని ఫ్లింట్ నది నీళ్లు సరఫరా చేశారు. పైపులు తినిపోకుండా ఆపే రసాయనం కలపలేదు. ఇళ్లకు వెళ్లే పాత గొట్టాల్లోని సీసం నీళ్లలోకి దిగి, పిల్లల రక్తంలో చేరింది. ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

2021 మౌలిక వసతుల చట్టం సీసపు గొట్టాల తొలగింపుకు 1,500 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2024 అక్టోబరు నిబంధన చాలా ఊళ్లకు పదేళ్ల గడువు పెట్టింది. వీధుల కింది పాత ఇనుప పైపులకు అలాంటి జాతీయ గడువేదీ లేదు. వాటి ఖర్చు ప్రధానంగా స్థానిక నీటి చార్జీల నుంచే రావాలి.