పటం ఎవరి చేతిలో?

మీ పాఠశాల గోడమీది భారతదేశ పటం వెనుక ఒక ఉక్కు గొలుసు ఉంది. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను దానితోనే కొలిచాడు. ఆ ఒక్క గీతకే వారాలు పట్టింది. దానిమీద త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ సర్వే హిమాలయాల దాకా సాగింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా సరిహద్దు, తీరప్రాంతాల వివరమైన పటాలు సామాన్యుడికి అందేవి కావు. విచిత్రమేమిటంటే, 2005లో గూగుల్ ఎర్త్ వచ్చాక అవే చోట్లను ఉపగ్రహ చిత్రాల్లో ఎవరైనా చూడగలిగారు! ఆ ఏడే జాతీయ పట విధానం రక్షణ పటాలనూ ప్రజల పటాలనూ వేరు చేసింది. 2021లో భారతీయ సంస్థలకు ముందస్తు అనుమతి బెడద తప్పింది.

ఇప్పుడు పటం ఇంటి గడప దాకా వచ్చింది. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లు పల్లె ఇళ్ళ హద్దులు గీశాయి. గీత అడుగు జరిగితే నష్టం ఇంటివాడిదే కదా! అందుకే ఊరివాళ్ళకు చూపి, అభ్యంతరాలు విన్నాకే పటాన్ని ఖరారు చేయాలి.